కంటికి కనబడకూడదు, చేతికి అందాలి: ఇంట్లో వైర్ల సంగతి

(రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగు విని టైపు చేసిన ప్రసంగ పాఠం. తడబాట్లు తీసేశాం, మాట తీరు అలాగే ఉంచాం.)

అందరికీ నమస్కారం. వెనక వరుసలో వాళ్లకి వినబడుతోందా? వినబడనివాళ్లు చెయ్యెత్తండి. ఎవరూ ఎత్తలేదు. అంటే అందరికీ వినబడుతోందనైనా అనుకోవాలి, అసలెవరికీ వినబడట్లేదనైనా అనుకోవాలి. సరే, మొదలుపెడతాను.

నేను ఉపన్యాసాలు చెప్పే మనిషిని కాను, వైర్లు లాగే మనిషిని. కుర్రతనంలో సభలకీ నాటకాలకీ మైకులు పెట్టేవాళ్ల దగ్గర చేరాను. మైకు ముట్టుకోనివ్వలేదు. సభ అయిపోయాక కేబుళ్లు చుట్టమన్నారు. రెండేళ్లు అదే పని. తర్వాత ఆఫీసుల్లో కంప్యూటర్లకి నెట్‌వర్కు కేబుళ్లు లాగాను. కాబట్టి నన్ను మాట్లాడమంటే నాకు తెలిసింది ఇదొక్కటే. టీవీ వెనకాల, కంప్యూటర్ బల్ల కింద, మంచం పక్కన వైర్ల గోల ఒకటుంటుంది చూశారూ, దాని గురించి.

ఇదిగో, సంచీ ఒకటి తెచ్చాను. ఇందులో ఉన్నవన్నీ మా ఇంట్లో టీవీ వెనకాలవి. పొద్దున్నే ఊడబీకి ఇందులో కుక్కేశాను. రాత్రి లోపల మళ్లీ తగిలించకపోతే నాకు ఇంట్లో చోటుండదు, అందుకని తొందరగానే ముగిస్తాను, భయపడకండి. తీగ లాగితే డొంకంతా కదిలిందంటారు కదా. చూడండి, ఒక్కటే లాగుతున్నాను. ఒక్కటంటే ఒక్కటే. ఆ... వచ్చిందా డొంకంతా?

ఇప్పుడొక మాట అడుగుతాను. పొద్దున ఇందులో వేసినప్పుడు ఒక్క ముడి కూడా లేదు. విడివిడిగా వేశాను. మరి ఈ ముళ్లు ఎవరు వేశారు? నేను వేయలేదు. సంచీ ఎవరూ తెరవలేదు. నడిచొస్తుంటే సంచీ ఊగింది, అంతే కదా జరిగింది.

మీరు నవ్వుతున్నారు గానీ, ఈ ప్రశ్న మీద ఇద్దరు శాస్త్రజ్ఞులు కూర్చున్నారు. అమెరికాలో, శాన్‌డియాగోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో, డోరియన్ రేమర్, డగ్లస్ స్మిత్ అని. ఏం చేశారంటే, ఒక పెట్టెలో దారం వేసి గిరగిరా తిప్పారు. తీసి చూశారు. మళ్లీ వేశారు, మళ్లీ తిప్పారు. అలా 3,000 సార్ల పైనే చేశారు. 2007లో ఫలితాలు అచ్చువేశారు. మరుసటి ఏడాది వాళ్లకి ఇగ్ నోబెల్ ఇచ్చారు. అది అసలు నోబెల్ కాదు, ముందు నవ్వించి తర్వాత ఆలోచింపజేసే పరిశోధనలకి ఇచ్చేది. ఇంతకీ వాళ్లకి తేలిందేమిటి? ముడి పడటానికి గంటలు అక్కర్లేదు, సెకన్లు చాలు. దారం పొడుగయ్యేకొద్దీ ముళ్లు పెరిగాయి, బాగా పొడుగు దారాలకి ఇంచుమించు రెండుసార్లకి ఒకసారి ముడి పడింది. 46 సెంటీమీటర్ల కన్నా పొట్టిగా ఉన్న వాటికి మాత్రం ముడి పడలేదు. ఇంకోటి, పెట్టె ఇరుగ్గా ఉండి దారం కదలడానికి చోటు లేకపోతే ముళ్లు తగ్గాయి. బిరుసుగా ఉన్న దారానికి కూడా తక్కువే పడ్డాయి.

ఇందులో మనకి పనికొచ్చేది చెప్తాను. ముడి వేసేది వైరు నడుము కాదు, వైరు కొస. కొస ఖాళీగా తిరుగుతుంటే అది ఎక్కడో ఒకచోట దూరుతుంది. దూరిందంటే ముడే. కొస కదలకుండా చేస్తే ముడి లేదు. పొడుగు తగ్గిస్తే ముడి లేదు. అందుకే ఒక పెద్ద డబ్బాలో 20 వైర్లు పడేసి మూత పెట్టడం సర్దడం కాదండీ. అది ఆ శాస్త్రజ్ఞుల ప్రయోగం మీ ఇంట్లో మీరు చేయడం. ఒక్కో వైరు ఒక్కో చిన్న కవరులో, కదలకుండా, ఇరుకుగా పెట్టండి. చాలు.

సరే. దాచడం దగ్గరికి వద్దాం. మీరందరూ వచ్చింది దానికే కదా, వైర్లు కనబడకుండా ఎలా చేయాలా అని. నేను దాచడం గురించి చివర్లో చెప్తాను. ఎందుకంటే, నేను మొట్టమొదట మా ఇంట్లో చేసిన పని దాచడమే. అదేమయిందో వినండి.

టీవీ బల్ల వెనకాల ఒక పెట్టె పెట్టాను. వైర్లన్నీ ఒక్క కట్టగా చేసి, అరచెయ్యి దూరానికి ఒకటి చొప్పున ప్లాస్టిక్ జిప్ టైలు, అవే ఒకసారి బిగిస్తే వెనక్కి రాని సన్న పట్టీలు, బిగించాను. బిగించడమంటే అలా ఇలా కాదు, కట్ట కర్రలా నిలబడింది. అడాప్టర్లు, స్పైక్ బస్టరు అన్నీ పెట్టెలో పెట్టి మూత వేశాను. ఇంటికొచ్చినవాళ్లు చూసి అబ్బా అన్నారు. అదిగో, ఆ అబ్బాతోనే వచ్చింది చిక్కు. కొన్నాళ్లకి ఒక రాత్రి ఇంటర్నెట్టు పోయింది. రౌటర్ అడాప్టరు కాలిపోయిందేమో, తీసి చూద్దామంటే తీయడానికి లేదు. కట్టలో ఉంది. బ్లేడు తెచ్చి టైలు ఒక్కొక్కటే కోశాను. కోస్తుంటే పక్కనున్న హెచ్‌డీఎంఐ కేబుల్, టీవీకి బొమ్మనీ శబ్దాన్నీ తెచ్చేది, దాని పైతొక్క కూడా తెగింది. పోనీ అక్కడితో ఆగానా? పెట్టెలో రెండు నల్ల అడాప్టర్లున్నాయి. రెండింటి పిన్నూ ఒకేలా ఉంటుంది, గుండ్రంగా. ఒకటి రౌటర్‌ది, 12 వోల్టులు. రెండోది పాత ల్యాప్‌టాప్‌ది, 19 వోల్టులు. చీకట్లో ఏది చేతికొస్తే అది గుచ్చాను. చిన్న చప్పుడు, చిన్న వాసన. రౌటర్ పోయింది. ఆ తర్వాత చూస్తే మొదటి అడాప్టరు అసలు పోనేలేదు, ప్లగ్గు సాకెట్లో వదులైందంతే.

పైన పటారం, లోన లొటారం అని మా అమ్మ అనేది. అదీ నేను చేసిన పని. వైరు కంటికి కనబడకపోవడం ఒక్కటే చూసుకున్నాను. చేతికి అందాలన్నది మర్చిపోయాను. ఇవాళ నేను చెప్పేదంతా ఈ రెండు ముక్కల్లోనే ఉంది. కంటికి కనబడకూడదు, చేతికి అందాలి. రెండోది కుదరకపోతే మొదటిది వద్దు. నిజంగా వద్దు. కనబడుతూ ఉన్న వైరు వికారంగా ఉంటుందే తప్ప చాలావరకు ప్రమాదం కాదు. దాచేసి అందకుండా పోయిన వైరు ప్రమాదం.

ఏది దేనిది

ఈ అడాప్టరు చూడండి. ముందు వరుసలో బాబూ, నీ కళ్లు బాగుంటాయి, దీని వెనక చిన్న అక్షరాల్లో ఏం రాసుందో చదువు. ఆ, ఔట్‌పుట్ 12 వోల్టులు, 1.5 ఆంపియర్లు. అంతేనా? పక్కన బొమ్మ లేదూ? గుండ్రం మధ్యలో చుక్క, అటో గీత, ఇటో గీత, ఒక కొసన ప్లస్, ఒక కొసన మైనస్. పిన్ను లోపలి భాగం ప్లస్సా, పైభాగం ప్లస్సా అన్నది ఆ బొమ్మ చెప్తుంది. ఇప్పుడు ఇవి గుర్తుపెట్టుకోండి. వోల్టులు సరిగ్గా అంతే ఉండాలి. ఆ ప్లస్ మైనస్ బొమ్మ కూడా అదే ఉండాలి. ఆంపియర్లు మాత్రం అంతే ఉన్నా ఫరవాలేదు, ఎక్కువున్నా ఫరవాలేదు, తక్కువ మాత్రం ఉండకూడదు. ఎందుకు? వోల్టులు అడాప్టరు తోసేవి, ఆంపియర్లు పరికరం లాక్కునేవి. 3 ఆంపియర్లు ఇవ్వగలిగిన అడాప్టరు దగ్గర 1 ఆంపియరు కావాల్సిన రౌటర్ ఒక్కటే తీసుకుంటుంది.

ఇదంతా మీరు ప్రతిసారీ చదవక్కర్లేదు. ఒకసారి చదివి, ఒక చీటీ రాసి అంటించండి. "రౌటర్, 12". చాలు. చీటీ రెండు కొసలకీ ఉండాలి, అది ముఖ్యం. చాలామంది పరికరం దగ్గర అంటిస్తారు. పరికరం దగ్గర ఏ వైరు దేనిదో ఎలాగూ కనబడుతూనే ఉంటుంది. మనం తికమకపడేది రెండో కొస దగ్గర, స్పైక్ బస్టరు దగ్గర. బల్ల కింద దూరి, పడుకుని, టార్చి నోట్లో పెట్టుకుని చూసేది ఆ కొసనే కదా. చీటీ పెన్నుతో రాసిన కాగితమైతే పైన పారదర్శకమైన టేపు చుట్టండి, లేకపోతే ఏడాదికి మాసిపోతుంది.

యూఎస్‌బీ-సి, అదే టైప్-సి, వచ్చాక అన్నీ ఒకటే అయిపోయాయి, ఇంకేం గొడవ లేదు అంటారు. నాకైతే గొడవ పెరిగిందనిపిస్తుంది. 2014లో ఆ కొస రూపం ఖరారైంది, లోపల 24 పిన్నులకి చోటుంది. చోటుంది అంటున్నాను, అన్నీ ఉంటాయని అనట్లేదు. పైకి చూస్తే కవలపిల్లల్లా ఉన్న రెండు కేబుళ్లలో ఒకటి మెల్లగా ఫోను ఛార్జి చేయడానికే పనికొస్తుంది, ఇంకోటి 240 వాట్ల దాకా మోస్తుంది. ఎక్కువ కరెంటు మోసేవాటి లోపల చిన్న చిప్పు ఒకటుంటుంది, నేను ఇంత మోయగలను అని అదే పరికరానికి చెప్పుకుంటుంది. పరికరానికి చెప్తుంది, మనకి చెప్పదు! డేటా సంగతీ అంతే. కొన్నిటిలో సెకనుకి 480 మెగాబిట్లు మించి పోవు. అందుకని మంచి కేబుల్ తెచ్చుకున్న రోజే దాని మెడకి ఒక రంగు టేపు చుట్టండి. మా ఇంట్లో ఎర్ర టేపు అంటే ల్యాప్‌టాప్‌ది, ఇంకెవరూ ముట్టుకోకూడదు. ముట్టుకుంటారు, అది వేరే సంగతి.

కట్టడం, చుట్టడం

జిప్ టై అన్నాను కదా, దాన్ని తిట్టినట్టు అనుకోకండి. అది చాలా గొప్ప వస్తువు. అది పుట్టింది విమానాల కోసం. విమానంలో వైర్లు వేల సంఖ్యలో ఉంటాయి. వెనకటికి వాటిని మైనం పూసిన దారంతో కట్టేవాళ్లు, ముడి తర్వాత ముడి, ముడి తర్వాత ముడి. పనివాళ్ల చేతులు కోసుకుపోయేవి. మారస్ లోగన్ అనే ఆయన 1956లో బోయింగ్ కర్మాగారంలో ఇది చూసి, 1958కల్లా ఈ టై తయారుచేశాడు. అంటే ఇది ఒకసారి కడితే మళ్లీ విప్పక్కర్లేని చోటు కోసం పుట్టింది. మన టీవీ వెనకాల అలాంటి చోటా? మనం ఆర్నెల్లకోసారి ఏదో ఒకటి మారుస్తాం. సెట్‌టాప్ బాక్సు మారుతుంది, టీవీ మారుతుంది, పిల్లలు గేము తెస్తారు.

ఇంటికి కావాల్సింది వెల్‌క్రో, చర్రున లాగితే ఊడొచ్చే పట్టీ. దాని కథ ఇంకా బాగుంటుంది. స్విట్జర్లాండులో జార్జ్ ద మెస్ట్రాల్ అనే ఇంజనీరు 1941లో కుక్కని తీసుకుని వేటకి పోయాడు. తిరిగొచ్చి చూస్తే బట్టల నిండా, కుక్క బొచ్చు నిండా అంటుకునే ముళ్లగింజలు. మనమైతే ఏం చేస్తాం? విసుక్కుంటూ పీకి పారేస్తాం. ఆయన ఒక గింజని మైక్రోస్కోపు కింద పెట్టాడు. దాని ముళ్ల కొసలు కొక్కేల్లా వంగి ఉన్నాయి. అదే చివరికి వెల్‌క్రో అయింది, 1955లో పేటెంటు వచ్చింది. ఒక వైపు కొక్కేలు, ఒక వైపు ఉంగరాలు. ఎన్నిసార్లైనా అంటించు, ఎన్నిసార్లైనా విప్పు.

జిప్ టైయే వాడతానంటారా, వాడండి. కానీ బిగించాక కట్టలో ఒక వైరు పట్టుకుని లాగితే అది జారాలి. జారలేదంటే ఎక్కువ బిగించారన్నమాట. నెట్‌వర్కు కేబుల్ విషయంలో ఇది మరీ ముఖ్యం. దాని లోపల 8 సన్న తీగలు, రెండేసి కలిపి 4 జతలుగా మెలేసి ఉంటాయి. ఆ మెలిక ఊరికే వేయలేదు, బయటి సొద లోపలికి రాకుండా ఆపేది ఆ మెలికే. టై బిగించి కేబుల్ని చప్పిడి చేస్తే జతలు చెదురుతాయి. తర్వాత ఇంటర్నెట్టు మెల్లగా వస్తోందని ఎవరినో తిట్టుకుంటాం. ఇంకొకటి, టై తోక కోసేటప్పుడు అంచుకి సమంగా కోయండి. ఏటవాలుగా కోస్తే మిగిలిన మొన బ్లేడే. నా ఈ వేలు మీద గీత చూశారా, అదే.

ఇక చుట్టడం. అమ్మయ్య, ఇది నా సొంత సబ్జెక్టు. ఎవరైనా ఒకరు వచ్చి ఈ కేబుల్ చుట్టండి. రండి, రండమ్మా, పరీక్షేం కాదు... అదిగో, చూశారా? అరచేతికీ మోచేతికీ చుట్టేస్తున్నారు. తప్పేం లేదమ్మా, ప్రపంచమంతా ఇలాగే చుడుతుంది. నేనూ చుట్టాను, మొదటి రోజు. మా గురువుగారు నెత్తి మీద ఒక్కటిచ్చారు.

దీంట్లో ఏం జరుగుతుందంటే, ఒక్కో చుట్టుకీ వైరులో ఒక్కో మెలి పడుతుంది. 20 చుట్లంటే 20 మెలులు. చుట్ట విప్పి లాగితే ఆ మెలులన్నీ ఒకచోట చేరి పాములా మెలికలు తిరుగుతుంది. లోపల రాగి పోగులు, వెంట్రుకల్లాంటివి, నలిగి నలిగి ఒక్కొక్కటీ తెగుతాయి. దానికి మందు చూపిస్తాను. ఎడమ చేతిలో కొస పట్టుకోండి. కుడి చేత్తో వైరు తీసుకుని మామూలుగా ఒక చుట్టు వేశాను. అయిందా? ఇప్పుడు రెండో చుట్టుకి, నా కుడి చెయ్యి చూడండి, చేతిని తిరగేసి పట్టుకున్నాను. బొటనవేలు నా వైపుకి తిరిగింది. అలా తిరగేసి వేస్తే వైరు చుట్టు కిందనుంచి వస్తుంది. మొదటి చుట్టు కుడికి మెలేస్తే, ఇది ఎడమకి మెలేసింది. రెండూ చెల్లు. మళ్లీ మామూలు చుట్టు, మళ్లీ తిరగేసిన చుట్టు. అంతే. ఇప్పుడు ఈ కొస పట్టుకుని విసురుతున్నాను, ముందు వరుసవాళ్లు కాళ్లు జాగ్రత్త. చూశారా? తిన్నగా, ఒక్క మెలిక లేకుండా పడింది. ఒకే జాగ్రత్త, కొసని చుట్ట మధ్యలోంచి దూర్చకండి. దూర్చారో, వరసగా ముళ్లు పడతాయి, జడ అల్లినట్టు.

అడాప్టరు చుట్టూ వైరుని బిగించి చుట్టే అలవాటు మానండి. వైరు చచ్చేది ఎప్పుడూ మెడ దగ్గరే. అడాప్టరు నుంచి బయటికి వచ్చేచోట, లేదా పిన్నుకి ముందు. మధ్యలో తెగిన వైరు నేను చూసింది తక్కువ. చుట్టే ముందు మెడ దగ్గర చిన్న వంపు వదులుగా వదిలి, అప్పుడు చుట్టండి. నెట్‌వర్కు కేబుల్‌కి ఒక లెక్క ఉంది, వంపు వ్యాసార్థం కేబుల్ మందానికి 4 రెట్లకి తగ్గకూడదు. మందం 6 మిల్లీమీటర్లుంటే 24 మిల్లీమీటర్లు. అంటే 5 సెంటీమీటర్ల అడ్డుకొలత ఉన్న గుండ్రం కన్నా చిన్నగా వంచకండి. గోడ మూలలో ఎల్ అక్షరంలా నొక్కేస్తారు చూశారూ, అందంగా ఉండాలని, అది వద్దు.

వేడి

ఇప్పుడు చెప్పేది కాస్త శ్రద్ధగా వినండి. పైన చెప్పినవి పాటించకపోతే వైరు పోతుంది. ఇది పాటించకపోతే ఇల్లు పోతుంది.

కరెంటు పోయే ప్రతి వైరూ వేడెక్కుతుంది. కరెంటు రెట్టింపైతే వేడి రెట్టింపు కాదు, 4 రెట్లవుతుంది. 230 వోల్టుల దగ్గర 2,000 వాట్ల హీటరు దాదాపు 8.7 ఆంపియర్లు లాగుతుంది. అదే 200 వాట్ల టీవీ అయితే ఒక ఆంపియరు కూడా కాదు. 10 రెట్లు తేడా. మరి వైరు వేడిలో తేడా ఎన్ని రెట్లు? లెక్కలొచ్చినవాళ్లు చెప్పండి... 100 రెట్లు, కరెక్ట్. ఆ వేడి బయటికి పోవాలి. గాలిలో ఒంటరిగా ఉన్న వైరుకి పోతుంది. చుట్టలో ఉన్న వైరుకి ఎలా పోతుంది? పక్కన కూడా వేడి వైరే. మామూలు పీవీసీ తొడుగు 70 డిగ్రీల దాకా తట్టుకునేలా చేస్తారు. ఆ పైన మెత్తబడుతుంది. మెత్తబడితే లోపలి తీగలు ఒకదానికొకటి తగులుతాయి. చక్రానికి చుట్టిన పెద్ద ఎక్స్‌టెన్షన్ ఎవరింట్లోనైనా ఉంటే దాని మీద చూడండి, రెండు అంకెలు రాసుంటాయి. చుట్టి ఉన్నప్పుడు ఇన్ని వాట్లు, మొత్తం విప్పినప్పుడు ఇన్ని వాట్లు అని. రెండింటికీ చాలా తేడా ఉంటుంది.

కాబట్టి టీవీ, రౌటర్, ఫోను ఛార్జర్ల వైర్లు కట్టుకోండి, చుట్టుకోండి, అవి లాగేది కొంచెమే. హీటరు, గీజరు, ఏసీ, ఇస్త్రీపెట్టె, వీటి వైర్లు మాత్రం కట్టకండి, చుట్టకండి, దాచకండి. వాటిని నేరుగా గోడ సాకెట్లోనే పెట్టండి, స్పైక్ బస్టరులో కాదు. ఒక స్పైక్ బస్టరులో ఇంకో స్పైక్ బస్టరు గుచ్చడం కూడా వద్దు. దాని మీద 10 ఆంపియర్లని రాసుంటే, అన్ని రంధ్రాలకీ కలిపి 10, రంధ్రానికి 10 కాదు. తివాచీ కింద వైరు పోనివ్వకండి. కనబడదు, నిజమే. వేడీ పోదు, నలుగుతున్నదీ తెలియదు. అడాప్టర్లు పెట్టే పెట్టెకి అటూ ఇటూ రంధ్రాలుండాలి. బాగుందని గుడ్డ కప్పేవాళ్లున్నారు. గుడ్డ వద్దండీ, ఏ గుడ్డయినా వద్దు.

సోఫా వెనక సాకెట్టు ఉంటే నెలకోసారి సోఫా జరపండి. సోఫా ఆనుకుని ప్లగ్గు సగం బయటికి వస్తుంది. వదులైన ప్లగ్గు దగ్గర వేడి పుడుతుంది. ప్లగ్గు తీసి పిన్నులు చూడండి. పిన్నుల మొదలు దగ్గర గోధుమ రంగు మచ్చ ఉంటే ఇంక ఆ సాకెట్టు వాడకండి, ఎలక్ట్రీషియన్‌ని పిలవండి.

ఇప్పుడు దాచుకోండి

హమ్మయ్య, దాచడానికి వచ్చాం. ఇప్పుడు చేతిలో ఏమున్నాయి? పనికిరానివి తీసేశాక మిగిలినవి. నా సంచీలో మొత్తం 11 ఉన్నాయి, అందులో 2 అసలు దేనికీ తగిలించినవి కావు. ఊరికే ఉన్నాయి, ఇంట్లో దూరపు చుట్టాల్లా. మీ ఇంట్లోనూ ఉంటాయి, వెతకండి. ఏ పరికరమూ లేని వైరుని ఎప్పటికైనా పనికొస్తుందని ఉంచకండి. చెత్తబుట్టలో వేయకుండా ఎలక్ట్రానిక్ వ్యర్థాలు తీసుకునేచోట ఇవ్వండి, లోపలున్నది రాగి.

తర్వాత పొడుగు చూడండి. అర మీటరు దూరానికి 3 మీటర్ల హెచ్‌డీఎంఐ వాడతాం, కొండవీటి చాంతాడంత. మిగిలిన రెండున్నర మీటర్లు ఎక్కడ దాచాలా అని ఇంకో పెట్టె కొంటాం. పొట్టి వైరు తెచ్చుకుంటే దాచాల్సింది ఏముంది? ఒక దారం పట్టుకుని, వైరు పోయే దారిలోనే, మూలలన్నీ తిప్పి కొలవండి. దానికి ఒక జానెడు కలపండి. ఆ జానెడూ ఎందుకంటే, టీవీని ముందుకి జరిపి వెనక చెయ్యి పెట్టాలి కదా. చేతికి అందాలి అన్నాం కదా.

కంప్యూటర్ బల్లకి నేను చెప్పేది ఒక్కటే. స్పైక్ బస్టరుని నేల మీంచి తీసి బల్ల అడుగున స్క్రూలతో బిగించండి. మానిటరు, ల్యాప్‌టాప్, దీపం, స్పీకర్లు, అన్నిటి ప్లగ్గులూ అక్కడికే వస్తాయి. బల్ల నుంచి గోడకి ఒక్కటే వైరు పోతుంది. ఆవుకి తోకలా ఒక్కటే. చీపురు పెట్టడానికి అడ్డముండదు, కాలికి తగలదు, బల్ల జరపాలంటే ఒక్క ప్లగ్గు తీస్తే చాలు. ఇన్నేళ్లలో నేను చేసిన పనుల్లో తక్కువ కష్టానికి ఎక్కువ మెప్పు వచ్చింది దీనికే.

గోడ మీద పోయేవాటికి కేసింగ్ కేపింగ్ పట్టీ, అదే వైర్లు లోపల పోయే మూత ఉన్న ప్లాస్టిక్ పట్టీ, వేసుకోండి. మూత నొక్కితే పడుతుంది, లాగితే వస్తుంది. నేల అంచు వెంబడి, తలుపు చట్రం వెంబడి పోనిస్తే కన్ను అటు పోదు. గోడ మధ్యలోంచి అడ్డంగా పోనిస్తే ఎంత తెల్లరంగు వేసినా కనబడుతుంది. పవర్ వైరూ, నెట్‌వర్కు లేదా స్పీకరు వైరూ ఒకే పట్టీలో కలిపి వేయకండి. చాలా దూరం పక్కపక్కనే పోతే స్పీకర్లో గుయ్‌మని మోత వస్తుంది. దాటాల్సివస్తే అడ్డంగా, సరిగ్గా శిలువలా దాటించండి.

గోడలోపల దాచాలనుకునేవాళ్లకి రెండు మాటలు. పరికరంతో వచ్చే మెత్తటి పవర్ కార్డుని గోడలో పూడ్చకండి. అది దానికి చేసింది కాదు, చాలా దేశాల విద్యుత్ నియమాలు ఒప్పుకోవు కూడా. గోడలో సాకెట్టు పాయింటే టీవీ వెనక్కి తెప్పించుకోండి. హెచ్‌డీఎంఐలాంటివి పోనివ్వడానికి కండ్యూట్ పైపు వేయిస్తే కాస్త లావుది వేయించండి, ఎందుకంటే కేబుల్ సన్నమే గానీ దాని తలకాయ వెడల్పు. వంపుల దగ్గర తలకాయ ఇరుక్కుంటుంది. అన్నిటికన్నా ముఖ్యం, పైపులో ఒక నైలాను తాడు వదిలేయండి, రెండు కొసలూ బయటికి ఉండేలా. రేపు కొత్త కేబుల్ లాగాలంటే ఆ తాడే దిక్కు. లాగేటప్పుడు కేబుల్‌తోపాటు ఇంకో తాడు కూడా కట్టి లాగండి, లేకపోతే ఆ తర్వాతివాడికి తాడుండదు. ఆప్టికల్ హెచ్‌డీఎంఐ, అదే వెలుతురుతో సిగ్నల్ పంపేది, అయితే రెండు కొసలూ ఒకటి కాదు, ఒకదాని మీద సోర్స్ అని, అంటే బొమ్మ పంపే పరికరం వైపు, ఇంకోదాని మీద డిస్‌ప్లే అని, అంటే టీవీ వైపు, రాసుంటుంది. గోడలో లాగేశాక చదవకండి, ముందే చదవండి. ఎందుకు చెప్తున్నానో మీకు అర్థమయ్యే ఉంటుంది.

రౌటర్‌ని దాచాలని ఎవరికైనా ఉంటే మానుకోండి. ఇనప బీరువాలో పెట్టి సిగ్నల్ రావట్లేదంటారు. టీవీ వెనక పెట్టినా అంతే, టీవీ వెనకంతా రేకే. దానికి ఎత్తుగా, బయటగా ఉండాలి. దాని వైరుని దాచండి, దాన్ని కాదు. నెట్‌వర్కు కేబుల్ 100 మీటర్ల దాకా హాయిగా పనిచేస్తుంది, కాబట్టి రౌటర్‌ని మంచిచోట పెట్టి వైరుని చుట్టూ తిప్పి తెచ్చుకోవచ్చు.

ఇంకేమైనా అడగాలా? ఆ, చెప్పండి... ఈ గొడవంతా ఎందుకు, అన్నీ వైర్‌లెస్ కొనుక్కుంటే పోదా అంటున్నారు. వైర్‌లెస్ ఛార్జర్ ఉంది కదా, పలకలా ఉంటుంది, దాని వెనక చూశారా? వైరు. వైర్‌లెస్ స్పీకరుకి ఒక వైరు తగ్గింది, పవర్ వైరు అలాగే ఉంది. చిన్న పిల్లలున్న ఇంటి గురించి అడుగుతున్నారు కదా అటువైపు. వేలాడే వైరు ఉండకూడదు, అంతే. పిల్లలు లాగితే పైనున్న బరువు మీద పడుతుంది. అలాంటి వైరుని మాత్రం వేలాడకుండా, మొహమాటపడకుండా గట్టిగా బిగించండి.

చివరి ప్రశ్న, ఆవిడ ఇందాకట్నించీ చెయ్యెత్తి ఉన్నారు. గమ్ముతో అంటించే క్లిప్పులు రెండు రోజులకే ఊడిపోతున్నాయంటున్నారు. గోడకి సున్నం వేశారా? వేలితో రాస్తే పొడి అంటుతోందా? అయితే దానికి ఏ గమ్మూ పట్టదు, గమ్ము పొడికి అంటుకుంటుంది గానీ గోడకి కాదు. అక్కడ స్క్రూయే. బల్లకీ చెక్కకీ అయితే ముందు స్పిరిట్‌తో తుడవండి. నీళ్లతో కాదు, తడిగుడ్డతో కాదు, స్పిరిట్‌తో. ఆరనివ్వండి. క్లిప్పు పెట్టి అరనిమిషం వేలితో గట్టిగా నొక్కి పట్టుకోండి. మనందరం చేసే తప్పు ఆ తర్వాతిది, వెంటనే అందులో వైరు పెట్టేస్తాం. గమ్ము పట్టడానికి టైము కావాలి. క్లిప్పు అంటించి ఊరుకోండి, వైరు మర్నాడు పెట్టండి.